దొరా అన్నానా, ధొరో అన్నానా

కాసాయి నది పొంగి మేదినీపూర్ వంతెన దగ్గర రైళ్ళు ఆపేసిన ఏడు, ఆ వరద తీసి నెల కూడా కాలేదు, మా ఊరి గోల్‌బజార్‌లో దుర్గ పందిళ్ళకి గుడ్డలు కడుతున్నారు, అప్పుడు సముద్రం మీద నా నోట్లోంచి ఒక్క మాట వచ్చింది, ఆ మాటకి హారాధన్ కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి, ఇంతకీ నేనన్నది ఏమిటి, దొరా అన్నానా, ధొరో అన్నానా, తెలుగులో దొరని పిలిచానా, బెంగాలీలో పట్టుకోమన్నానా, అంత గాలిలో ఆ రెంటికీ తేడా ఏముంది, ఇప్పుడు ఈ వరండాలో కూర్చుని మెల్లగా అనుకుని చూస్తే పెదాలు రెండుసార్లూ ఒకేలా కదులుతున్నాయి, లోపల్నుంచి కోడలు, ఏటి మావా ఎవుల్తో మాటాడతన్నావు అంటోంది, ఎవరితోనూ కాదు, నేను ఎవరితో మాట్లాడాను గనక, రైల్వే వర్క్‌షాపులో నా పేరే మూగ తవిటయ్య.

పడవ డికోస్టా దొరది, క్యారేజీ షాపులో మా ఫోర్‌మన్, నాలుగేళ్ళు ఆదివారం ఆదివారం తన బంగళా పెరట్లో కట్టుకున్నాడు, పద్దెనిమిది అడుగులు, ఒకటే స్తంభం, చెక్కపని హారాధన్‌ది, మా షాపు వడ్రంగి, నాకంటే ఆరేళ్ళు చిన్న, తవిటయ్యదా తవిటయ్యదా అని, దా అంటే వాళ్ళ భాషలో అన్న, నా వెనకే తిరిగేవాడు, తెరచాప కుట్టింది నేను, రైలుపెట్టెల సీట్లు కుట్టే చెయ్యి కదా, అరచేతికి తోలుముక్క కట్టుకుని కాన్వాసులోకి సూది దింపుతుంటే మా ఆవిడ అప్పలనర్సమ్మ గుమ్మంలో కూర్చుని ఒకటే నవ్వు, గాలికి సొక్కా కుడతన్నావేటి, కొలతలు తీసినావా మరి, దొరకి పిచ్చంటే దొర గాబట్టి సెల్లుద్ది, నీకేటొచ్చింది, నాకేమొచ్చిందో నాకు తెలుసు, పదకొండేళ్ళప్పుడు భీమిలి దగ్గర అయ్య తెప్ప దిగి మావయ్య చెయ్యి పట్టుకుని రైలెక్కినవాణ్ణి, మళ్ళీ ఉప్పునీళ్ళలో కాలు పెట్టలేదు, నా కుట్టులోకి గాలి వస్తే ఎలా ఉంటుంది, ఎక్కడ ఉబ్బుతుంది, ఎక్కడ లాగుతుంది, అది చూడాలి, అంతే, పడవని లారీ మీద దీఘా సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళి పొద్దున్నే నీళ్ళలోకి తోస్తే ఉబ్బింది, చూలాలి కడుపులాగా ఉబ్బింది, ఒక్క కుట్టు కదల్లేదు, వెనక చుక్కాని పట్టుకున్న దొర, తవిటా, ఫస్ట్ క్లాస్ సిలాయీ అని అరిచాడు, ఫస్ట్ క్లాసే సాయెబ్, కానీ మా దగ్గర టికెట్ లేదు, టీటీ వస్తే దూకెయ్యాలి అన్నాడు మధ్యలో కూర్చున్న హారాధన్, తెరచాపని గాలికి బిగించి ఉంచే తాడు వాడి చేతిలో ఉంది, నేను ముందు కూర్చున్నాను, నాకూ వాడికీ మధ్య ఒక మూర దూరం, ఆ మూర దూరం గుర్తుంది, వాడి మోకాలు నా వీపుకి తగులుతూనే ఉంది.

గాలి ఉన్నట్టుండి ఆగింది, పక్షులు లేవు, అరె ఏమైంది అని హారాధన్ గోడలా నిలబడిన తెరచాపని తట్టి చూశాడు, దొర బొమ్మల పుస్తకంలో చదివి పడవ నేర్చుకున్నవాడు, హారాధన్ చెరువుల్లో పుట్టినవాడు, ఇద్దరికీ తెలియలేదు, నాకు తెలిసింది, దక్షిణాన నీళ్ళ మీద నల్లటి గీత, అది మబ్బు నీడ కాదు, పాతికేళ్ళ తర్వాత అయ్య గొంతు చెవిలో, గాలొస్తందంటే సాప తాడు వొగ్గీయాల్రా, వొదిలీయాల, అట్టుకుంటే అట్టుకో, సేతికి మాత్రం సుట్టుకోకు, సుట్టినావా సముద్రం తాడుతోపాటు సెయ్యీ అట్టుకుపోద్ది, ఆ గీత గోడ అయింది, గోడ పరుగెత్తుతోంది, నేను వెనక్కి తిరిగి అరిచాను, దొరా, దొరా, వొగ్గీమను అని, ఆ కేకలో వెనక సగం గాలి మింగేసింది, హారాధన్ నా మొహంలోకి చూశాడు, అర్థమైనట్టు తలూపాడు, ఆ తలూపడం మరిచిపోలేను, పని చెప్తే చేసేవాడి తలూపు, తాడుని వేళ్ళకి రెండు చుట్లు చుట్టి కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలాడు.

తర్వాత పడవ పక్కకి పడుకుంది, స్తంభం నీళ్ళకి ఆనింది, నా నోట్లో ఉప్పు, అలలు షంటింగులో వ్యాగన్లు గుద్దుకున్నట్టు ఒకదాని వెనక ఒకటి, వాటికి బ్రేకు లేదు, గార్డు లేడు, దొర ఏదో పాటలాగా తిడుతున్నాడు, ఏ దేవుణ్ణో తెలియదు, హారాధన్ అరవలేదు, అదే నాకు వింత, చూస్తే తాడు ఎర్రగా ఉంది, దొర కత్తి విసిరాడు, నేను తాడు కోశాను, పడవ లేచి నిలబడింది, ఆ తర్వాత ఎంతసేపో, డాల్డా డబ్బాతో నీళ్ళు తోడటం, తోడిన దానికంటే ఎక్కువ రావటం, మళ్ళీ తోడటం, వాన మీదనుంచా కిందనుంచా అని ఆశ్చర్యం, భయం ఏ మూలకి పోయిందో, ఈసారి అల ఎటునుంచి వస్తుంది, అది చూడాలనే ఉంది, అడుగున నీళ్ళలో పడుకున్న హారాధన్ నా లాల్చీ చేతికి చుట్టుకుని, ధొరేఛి దా, పట్టుకునే ఉన్నాను దా అన్నాడు, అప్పటికి చేతిలో తాడు లేదు, రెండు వేళ్ళూ లేవు, అప్పుడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది, వీడికి నేనేం చెప్పినట్టు వినపడింది అని.

సాయంత్రానికి దీఘా జాలరులు లాక్కొచ్చారు, కాంథీ ఆసుపత్రిలో కట్టు కట్టారు, పక్క మంచాలవాళ్ళు చుట్టూ చేరితే హారాధన్ తెల్లబడిన మొహంతో నవ్వుతూ కథ చెప్తున్నాడు, దా సముద్రం మనిషి, నల్ల గీత చూడగానే ధొరో ధొరో అన్నాడు, పట్టుకున్నాను, వదిలి ఉంటే ముగ్గురం పీతలకి భోజనం, ఇదిగో ఫీజు కింద రెండు వేళ్ళు ముందే ఇచ్చాను, అందరూ నవ్వారు, దొర నా భుజం మీద కొట్టి, సహీ ఆర్డర్ దియా తవిటా, సరిగ్గా చెప్పావు, తాడు వదిలితే తెరచాప కొట్టుకుని స్తంభం విరిగేది అన్నాడు, నిజమేనేమో, కాదేమో, అయ్యేమో వదలమన్నాడు, పుస్తకమేమో పట్టుకోమంది, ఎవరిది రైటో నాకు ఇప్పటికీ తెలియదు, నేను మాట్లాడలేదు, మాట్లాడకపోతే మంచితనం అనుకున్నారు, ఒక ముసలామె నా చేతిలో ఒక అరటిపండు కూడా పెట్టింది, తిన్నాను, అదే సిగ్గు, తిన్నాను.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో గోడకి చేరగిలబడి పండు తొక్క చేతిలోనే పెట్టుకుని ఆలోచించాను, గాలి తప్పు, రెండు భాషల తప్పు, వాడి చెవి తప్పు, వడ్రంగి కుడిచెయ్యి, రేపటినుంచి ఉలి ఎలా పడతాడు, ఇక పని అడిగితే ఎవడిస్తాడు, నా తప్పు ఏముంది, నేను దొరనే కదా పిలిచాను అనుకున్నాను, ఆ దొరనే అన్న దగ్గర ఏదో అడ్డం పడింది, దొరని ఎందుకు పిలిచాను, అంతకు ముందేడు షాపులో రైలుపెట్టె ఎత్తుతుంటే గొలుసు జారింది, ఆపే పిడి నా మోచేతి దగ్గరే ఉంది, ఆరుగురం నోళ్ళు తెరిచి దొరా దొరా అని కేకలేశాం, దొర తన గదిలోంచి పరిగెత్తుకొచ్చి పిడి తిప్పాడు, ఒక కూలీ మరో కూలీకి చెప్పడం మా దగ్గర లేదు, ఏదైనా దొర నోటిమీదుగానే రావాలి, పద్దెనిమిదేళ్ళు అలాగే, మరి సముద్రంలో దొర చేతిలో ఉన్నది చుక్కాని, తాడు హారాధన్ చేతిలో ఉంది, వాడు మూర దూరంలో ఉన్నాడు, వాడి మోకాలు నా వీపుకి తగులుతోంది, ఛాడో అంటే వదులు, ఆ మాట నాకు రాదా, రోజూ గోల్‌బజార్‌లో మీద పడే రిక్షావాడికి అంటాను, హారాధన్, ఛాడో, రెండే ముక్కలు, వాడి తలమీదుగా దొర కోసం అరిచాను, వాడు నా మాట తప్పు వినలేదు, వాడికి నేను మాటే ఇవ్వలేదు, ఆ పడవలో సముద్రం తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే, అయినా వేరొకరి నోటి కోసం వెతికాను.

తెల్లవారగానే బోరింగు దగ్గర మొహం కడుక్కుని, దొర ఇంకా లేవలేదు, లోపలికి వెళ్ళి దోమతెర ఎత్తి, హారాధన్ అని పేరు పెట్టి పిలిచి, నిన్న నేను పట్టుకోమనలేదు, వదలమనాల్సింది, నీతో అనలేదు, దొరని పిలిచాను అని వాడి భాషలో వాడికి చెప్పి, వాడు ఏమంటాడో వినడానికి మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాను.