పరుపులవాళ్ల ఇంట్లో పేలు

మా అమ్మాయి మెహబూబ్ జాన్‌ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, ఒళ్లో తెల్ల గుడ్డ పరుచుకుని, పేల దువ్వెనతో దువ్వుతున్నాను. దువ్విన ప్రతిసారీ రెండో మూడో రాలుతున్నాయి. గోటి మీద పెట్టి నొక్కితే పిల్ల కిలకిలా నవ్వుతోంది. "టప్‌మన్నాదమ్మా!" అంటోంది. నా చూపు మాత్రం వీధి గుమ్మం మీదే ఉంది. ఎవరైనా వస్తే దువ్వెన కుచ్చిళ్లలో దాచేయాలి. మాది పరుపులు కుట్టే ఇల్లు. అనకాపల్లిలో పెళ్లంటే మా ఆయన చాంద్ బాషా ఏకిన దూది మీదే కొత్తజంట పడుకోవాలి. అలాంటి ఇంట్లో పేలున్నాయని ఊళ్లో తెలిస్తే మా గుమ్మం ఎవరు తొక్కుతారు?

దూది ఏకేది ఆయన. సంచిలో కూరి, సమంగా సర్ది, దబ్బనంతో కుట్టేది నేను. ఊళ్లో పేరు మాత్రం చాంద్ బాషా పరుపు. పేల సంగతి అలా కాదు, అది పూర్తిగా నా పనే. పొద్దున్న అత్త తల, తరువాత పిల్ల తల. వేపనూనె రాసి, సీతాఫలం గింజలు నూరి పట్టించి, దువ్వి, చంపి, గుడ్డలు ఉడకేసేది నేను. నా తలంటారా? ఎవరి తల వాళ్లకు కనపడదు కదా. ముందువైపు ఎలాగో దువ్వుకుంటాను. వెనక మెడ పైన, చెయ్యి తిరగని చోటే వాటి సంసారమంతా.

ఇదంతా చైనావాళ్లతో యుద్ధం అయిన మరుసటి వేసవి మాట. ఒకరోజు సూర్యనారాయణగారనే బెల్లం వర్తకుడి భార్య పెళ్లి పరుపులకని మా ఇంటికి వచ్చింది. దూది చూపిస్తూ చూపిస్తూ ఉండగా నా చెయ్యి నన్నడక్కుండానే తలలోకి పోయింది. ఆవిడ దూదికుప్ప దగ్గర్నుంచి పాదం వెనక్కి తీసుకుంది.

"ఏటమ్మా, అలా గోక్కుంతన్నావు?"

"దూది నలుసండి. మా ఇంట్లో అందరి తలలూ దూదే" అని మా ఆయన నవ్వేశాడు. ఆవిడా నవ్వింది. కబురు పంపుతానని చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, ఇంట్లో పంచాయితీ మొదలైంది.

"ఆ కుందేళ్లకాడ్నించే వచ్చేయిరా పేలు. వొగ్గీ వాటిని" అంది అత్త.

ఆయన మొహం మాడిపోయింది. ఆయనకు మూడు తెల్ల కుందేళ్లున్నాయి. నక్కపల్లి సంతలో ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. గడ్డి తెచ్చేది, పెంటికలు ఎత్తేది నేను, ముద్దులాడేది ఆయన. పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి, సొంత కుందేళ్ల మీద మాట పడనిస్తాడా? ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని, బొచ్చు వేళ్లతో పాయలు తీసి, మెల్లగా ఊది చూశాడు. చెవుల వెనక చూశాడు, పొట్ట కింద చూశాడు. అన్నం చల్లారిపోయింది. కంచం పట్టుకుని నిలబడి చూస్తున్నాను. సిగ్గువిడిచి చెబుతున్నాను, కుందేలు మీద నాకు కుళ్లు పుట్టింది.

"సూసేవా? మల్లెపూలు! ఇంక మిగిలింది నీ తలే" అన్నాడు.

"అయితే నా తల కూడా ఒక్కపాలి సూడండి" అన్నాను. నోరు జారింది.

కోప్పడితే బాగుండేది. నవ్వాడు. "ఆడదాని తల్లో పేలు మగోడు సూత్తాడేటే? నలుగురూ ఇంటే నవ్విపోరూ?"

అత్త తన కళ్లకు ఆనవంది. పిల్ల పాపం దువ్వెన పట్టుకుని వచ్చింది. "మళ్లీ అంటించుకుంతావేటే" అని అత్త దాన్ని రెక్కపట్టుకు లాగేసింది. చివరికి తీర్పు ఏమిటంటే, నా తల బాగయ్యేదాకా నేను పరుపు ఎక్కకూడదు. కుందేళ్ల పాకలో గోనె వేసుకుని పడుకోవాలి. కుట్టేటప్పుడు మాత్రం తలకు గుడ్డ బిగించి కట్టుకుని కుట్టాలి. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందంటారు. ఊరందరికీ పరుపులు కుట్టినదాన్ని గోనె మీద పడుకుంటే ఏడుపుతోపాటు నవ్వూ వచ్చింది.

ఆ పాకలోనే చూశాను. ఒక కుందేలు మరోదాని ముందుకు వచ్చి తల వంచుతుంది. అంతే, రెండోది నాకడం మొదలుపెడుతుంది. నుదురు, చెవులు, కళ్ల చుట్టూ ఓపిగ్గా నాకుతుంది. ఎందుకని అడగదు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి నేనూ దాని ముందు తల వంచాను. వాసన చూసి, జడ చివర కొరికి నమిలింది. ఫో అని తోసేశాను.

కబురు పంపుతానన్న ఆవిడ నుంచి ఏ కబురూ రాలేదు. ఒకరోజు పూడిమడక నుంచి ఎండుచేపలు అమ్మే మరిడమ్మ గంపతో వచ్చింది. అరుగు మీద కూర్చుని చేపలు ఏరుతుంటే నా తలగుడ్డ జారింది.

"ఓలమ్మో! మెడంతా పుండు సేసేసుకున్నావేటమ్మా? ఇలా తిరుగు" అంది.

"ఇక్కడొద్దు మరిడమ్మా. ఈధి."

"ఏం, పేలు నీకొక్కద్దానికే ఉన్నాయేటి? మా పేటలో ఏ తల్లో లేవు? కూకో!"

గంప పక్కకు నెట్టి, నా జడ విప్పేసింది. చేపల వాసన వేసే ఆ వేళ్లు మెడ పైకి వెళ్లి, నా చెయ్యి అందని చోట ఆగాయి. మా అమ్మ పోయాక నా తల మీద ఎవరైనా చెయ్యి వేయడం అదే మొదలు. ఏడుపు ఆగలేదు. నొప్పెడుతోందనుకుని మరిడమ్మ చెయ్యి నెమ్మది చేసింది.

బెల్లం బండి ఒకటి మా అరుగు ముందు ఆగింది. ఎదురింటివాళ్లు తొంగిచూశారు. తలుపు వెనక నుంచి ఆయన గొంతు తగ్గించి పిలిచాడు.

"లోపలికి రాయే. మన పరుపుల పేరు పోతాదే. నీ కాళ్లట్టుకుంతాను."

ఎన్నడూ నన్ను బతిమాలిన మనిషి కాదు. లేవాలనే అనుకున్నాను. ఇదేదో ధైర్యమని చెప్పుకోవాలని ఉంది కానీ, నిజానికి ఆ వేళ్ల కింద నుంచి తల తీయబుద్ధి కాలేదు. ఆ పేరు పోతే పస్తుండేది నేనూ నా పిల్లే అని తెలుసు. తెలిసీ కూర్చున్నాను.

"ఈ పక్కయిపోనాది" అంది మరిడమ్మ.

తల తిప్పి రెండో పక్క ఇచ్చాను.