పాతబడిన పన్ను, పాడవని పన్ను

వదిన నోరు తెరిచిందో లేదో, పళ్ళ డాక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. కింది దవడ పన్ను గుంటలో పన్నెండేళ్ళ క్రితం తన చేత్తో అతికించిన పింగాణీ ముక్క లేదు. దాని చోట తాత్కాలికంగా పెట్టిన మెత్తటి ముద్ద ఉంది.

"ఎవరు తీసేశారు వదినా?"

"వీధి మలుపులో కొత్త క్లినిక్కులో" అంది వదిన, డాక్టరమ్మ భర్తకు అక్కగారు, చెంప పట్టుకుని. "నువ్వు ఊళ్ళో లేవుగా. పళ్ళు శుభ్రం చేయించుకుందామని వెళ్ళా. పింగాణీ ముక్క పదేళ్ళకు మించి ఆగదు, లోపల పుచ్చిపోయి ఉంటుందన్నాడు. నీ పని నాసిరకమేమో అనుకుని సరేనన్నా."

"అప్పుడు నొప్పుందా?"

"అప్పుడు లేదు. ఇప్పుడే ఉంది."

డాక్టరమ్మ చేతి తొడుగులు పీకి చెత్తబుట్టలో కొట్టింది. ఊరెళ్ళేముందు చేసిన పరీక్షలోనే ఆ పన్ను చూసింది తను. అతుకు దగ్గర సన్నటి గోధుమరంగు గీత, అంతే. ముక్క రాయిలా ఉంది. ఉన్న పళంగా వదినను వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఆ క్లినిక్కులోని కుర్ర డాక్టరు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"ఈవిడ పన్నులో ముక్క పీకేముందు తీసిన ఎక్స్‌రే చూపించండి."

అతను తటపటాయిస్తూ తెర ఇటు తిప్పాడు. ముక్క కింద పన్ను శుభ్రంగా ఉంది.

"పుచ్చు ఎక్కడ బాబూ?"

"అంచున మరకుందండీ..."

"మరకైతే పాలిష్ పెట్టాలి. చొక్కాకి మరకైతే చెయ్యి నరుకుతామా? ముక్క పగిలిందా? కదిలిందా?"

"లేదండీ." అతను తెర మళ్ళీ తనవైపు తిప్పుకున్నాడు. "ఊడలేదు కూడా. చెక్కి తీయడానికే గంట పట్టింది. పదేళ్ళు దాటితే మార్చెయ్యమని మా పెద్దసారు..."

"గంటా!" వదిన గయ్యిమంది. "గట్టిగా ఉన్నదాన్ని గంటసేపు చెక్కావా? నా దవడ పట్టేసింది అందుకా?"

బయట కూర్చున్నవాళ్ళంతా తలుపు వైపు తిరిగారు. ఒక పెద్దాయన లేచి వచ్చి, "నాకూ రేపు రెండు మార్చాలన్నారమ్మా. నొప్పేమీ లేదు" అన్నాడు.

"అయితే ముందు ఎక్స్‌రే చూపించమనండి, ఏం పాడైందో వేలుపెట్టి చూపించమనండి" అంది డాక్టరమ్మ. "పాతబడడం వేరు, పాడవడం వేరు. పాతదల్లా పీకేస్తే మీ పెద్దసారుకు నోట్లో ఒక్క పన్నూ మిగలదు."

కుర్ర డాక్టరు లోపలి గది వైపు చూశాడు. పెద్దసారు గది తలుపు మాత్రం తెరుచుకోలేదు.

తన క్లినిక్కుకు తిరిగొచ్చి వదినను కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే కోపం ఇంకా పెరిగింది. చెక్కుడుకు పన్ను గోడ పలచబడిపోయింది. ఇక చిన్న ముక్క నిలవదు. పన్ను మొత్తానికి తొడుగు వెయ్యాలి, దానికోసం మిగిలిన మంచి భాగాన్నీ అరగదియ్యాలి. నిక్షేపంలాంటి పన్ను!

"ఈ తొడుగు ఎన్నాళ్ళుంటుందే?" అంది వదిన, ఎన్నడూ లేనంత మెల్లగా.

"నమిలితే అరగదు వదినా" అంది డాక్టరమ్మ పళ్ళు బిగబట్టి. "ఊరికే ఎవడూ వేలు పెట్టకపోతే చాలాకాలం ఉంటుంది."