రెండు కుడి రెక్కలు

అమ్మాయి చదువు కోసం హాస్టల్‌కి వెళ్ళాక మా వెనక గది ఖాళీ అయింది. ఆ గదికి తూర్పు వైపు పెద్ద కిటికీ ఉంది. పొద్దున పూట అక్కడ కూర్చుంటే కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించవచ్చు. అందులో ఒక పొడుగాటి బల్ల వేయించుకుని, పక్కన కుట్టుమిషను పెట్టుకుని, ఇకనైనా హాయిగా నిలబడి గుడ్డ కత్తిరించుకోవాలని నా కోరిక. ఇన్నేళ్ళూ మంచం మీద గుడ్డ పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని కత్తిరించాను. బల్ల వస్తుందని మోకాళ్ళకి కూడా చెప్పి ఊరించి ఉంచాను.

"కొన్నాళ్ళు ఓపిక పట్టవోయ్," అన్నారు మా ఆయన. "చిన్న పనొకటి ఉంది. అది అవగానే గది నీదే."

ఆ చిన్న పని నాకంటే పొడుగు. దాన్ని సర్ఫ్‌బోర్డు అంటారు. అల వచ్చినప్పుడు దాని మీద నిలబడి ఒడ్డుకి జారుతూ రావాలి. మా ఆయన మెట్లు దిగేటప్పుడు కూడా రెయిలింగు పట్టుకుని దిగుతారు. కాబట్టి ఇది ఆయనకి తగిన ఆటే.

ఈ మోజు మా తమ్ముడి చలవ. వాడు బీచ్‌లో లైఫ్‌గార్డు. ఒక ఆదివారం సరదాగా తన బోర్డు మీద వాళ్ళ బావని ఎక్కించాడు. ఈయన ఎక్కిన వైపు నుంచి కాకుండా రెండో వైపు నుంచి దిగారు, తలకిందులుగా. చెవిలో ఇసుక దులుపుకుంటూ, "ఈ బోర్డు తయారీలోనే లోపం ఉంది. ఇంతకంటే మంచిది నేను ఇంట్లో చేస్తాను," అన్నారు. తమ్ముడు నవ్వాడు. వాడు ఆ ఒక్క నవ్వు ఆపుకుని ఉంటే నా బల్ల ఎప్పుడో వచ్చేది.

ఆయన సంగతి కాస్త చెప్పాలి. యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఆయన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. నమూనా పీసు ఒకటి ముందు పెట్టుకుని, లైన్లో వచ్చే ప్రతి పీసూ అచ్చంగా దానిలాగే ఉందో లేదో చూడడం ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర పెట్టెలో పడేస్తారు. ఎర్ర పెట్టెలో పడిన పీసు మళ్ళీ లైన్లోకి రావడమన్నది లేదు, సాక్షాత్తూ మేనేజరు వచ్చి బతిమాలినా సరే. ఈ మాట ఆయన భోజనాల దగ్గర ఎంత గర్వంగా చెబుతారో, నాకు అంత కంఠతా వచ్చు.

వెనక గదిలో పని మొదలైంది. పెద్ద థర్మోకోల్ దిమ్మ తెచ్చి, రంపంతో కోసి, ఉప్పు కాగితంతో రుద్దారు. ఆ పొడి తెల్లగా, తేలిగ్గా, ఇల్లంతా చుట్టపుచూపుగా తిరిగింది. చక్కెర డబ్బాలో దొరికింది, దిండు గలీబుల్లో దొరికింది, మాతో ఉండే మా అత్తయ్య మందుల పెట్టెలో దొరికింది. ఆవిడ దగ్గడం మొదలుపెట్టారు. దిమ్మ మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ వేసి జిగురు పోశారు. ఆ జిగురు థర్మోకోల్‌కి సరిపడని రకం. వేడి నీళ్ళలో చక్కెరలా దిమ్మ మధ్యలో కరిగి గుంట పడింది.

"ఇది ప్రయోగం," అన్నారాయన, గుంటలోకి చూస్తూ.

"అవునండీ. ఫలితం కూడా కనిపిస్తోంది," అన్నాను.

రెండో దిమ్మ, రెండో రకం జిగురు. ఈసారి నిజంగానే బోర్డు తయారైంది. ఉన్న మాట చెప్పాలి, చూడ్డానికి బాగుంది. అంచులు నున్నగా, ముక్కు కొనదేలి, అద్దంలా మెరిసింది. ఇక గది ఖాళీ చేస్తారనుకున్నాను.

"ఇప్పుడే కదా అసలు పని! ఫిన్లు పెట్టొద్దూ?" అన్నారు.

బోర్డు అడుగున, తోక దగ్గర చేప రెక్కల్లాంటి ముక్కలు బిగిస్తారు. వాటినే ఫిన్లంటారు. బోర్డు నీళ్ళలో పక్కకి జారకుండా పట్టి ఉంచేవి, తిప్పితే తిరిగేలా చేసేవి అవే. ఒకటి పెట్టవచ్చు, రెండు, మూడు, నాలుగు పెట్టవచ్చు. "ఒక్కొక్క పద్ధతీ పరీక్షించి చూడాలి," అన్న మాట వినగానే నాకు కళ్ళు తిరిగాయి. పరీక్షించడానికి అంతం లేని వస్తువు మా ఆయన చేతిలో పడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య ఎదుట తేల్చేశాను. "వానలు మొదలయ్యేలోపు మీరు ఆ బోర్డు మీద నిలబడి ఒడ్డుకొస్తే గది మీదే. నేను మళ్ళీ అడగను. రాలేకపోతే నాది."

"ఇంత మాత్రానికి పందెం ఎందుకు? వచ్చే ఆదివారమే వచ్చేస్తాను," అన్నారు.

"ఒరేయ్, నేను సాక్షిని," అన్నారు అత్తయ్య, దగ్గు మధ్యలో.

మొదటి ఫిను నా కూరగాయలు తరిగే చెక్కతో చేశారు. మంచి చెక్క అట, నీళ్ళకి ఉబ్బదట. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే కొనుక్కున్నాను. అది ఒక్కటే మధ్యలో పెడితే బోర్డు తిన్నగానే పోయింది, ఈయన మోకాళ్ళ మీదకి కూడా లేచారు. నేనూ తమ్ముడూ ఒడ్డున ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. నేను ఎందుకు బిగబట్టానో చెప్పనక్కర్లేదు. అంతలో ఫిను ఊడిపోయింది. నా చెక్క అలల మీద తేలుతూ, మా ఇంటికి దూరంగా, సుఖంగా వెళ్ళిపోయింది.

"ఒకటి పాతకాలం పద్ధతి," అని తేల్చి, ఆయన ప్లైవుడ్‌కి మారారు. మధ్య ఫిను ఒకటి, దానికి అటూ ఇటూ చెరొకటి, మొత్తం మూడు. పక్కవాటిని చెక్కిన తీరు చూడాలి. ఒక వైపు చదునుగా, రెండో వైపు విమానం రెక్కలా కొంచెం ఉబ్బుగా. ముందు ఒకటి నమూనాగా చేసుకుని, దాన్ని చూస్తూ రెండోది అచ్చంగా అలాగే చేశారు. పీసుకీ పీసుకీ మధ్య వెర్నియర్ కాలిపర్స్‌తో కొలతలు. అంత శ్రద్ధగా ఆయన మా పెళ్ళి ఫొటో కూడా చూడలేదు.

ఆ ఆదివారం బోర్డు ఎక్కారు. అల వచ్చింది. బోర్డు కదిలింది, ఎడమకి తిరిగింది, ఇంకా ఎడమకి తిరిగింది, ఈయన్ని తీసుకెళ్ళి బీచ్ చివరనున్న టీ కొట్టు ముందు పడేసింది. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ టీ కొట్టు.

"బావా, టీ తాగాలనుంటే నడిచి వెళ్ళొచ్చుగా. ఇంత కష్టపడాలా?" అన్నాడు తమ్ముడు.

"గాలి అటు లాగుతోందిరా."

"గాలి ఇవాళ అటునుంచి ఇటు వీస్తోంది బావా."

"అయితే నీళ్ళలో వాలు."

ఆ తర్వాతి వారాల్లో గాలి, వాలు, బోర్డుకి పూసిన మైనం, పొద్దున నేను పెట్టిన ఫలహారం, అన్నీ వరసగా ముద్దాయిలయ్యాయి. నాలుగు ఫిన్లు కూడా పెట్టి చూశారు. బోర్డు అక్కడికక్కడే బొంగరంలా తిరిగింది. టీ కొట్టాయన మటుకు ఈయన్ని చూడగానే గ్లాసు కడగడం అలవాటు చేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం నేను మంచం మీద చొక్కా చేతులు కత్తిరిస్తున్నాను. గుడ్డని మడత పెట్టి, రెండు పొరలూ కలిపి ఒకేసారి కత్తిరిస్తే ఒకటి కుడి చెయ్యి, ఒకటి ఎడమ చెయ్యి వస్తాయి. మడత మరిచి, ఒకే కాగితం నమూనా రెండుసార్లు ఒకే వైపు పెట్టి కోస్తే రెండూ కుడి చేతులే వస్తాయి. కుట్టు నేర్చుకునే ప్రతివాళ్ళూ ఒక గుడ్డ ఇలా పాడు చేస్తారు. మిషను మీద ఆయన పెట్టి వెళ్ళిన పక్క ఫిన్లు రెండూ అడ్డంగా ఉంటే తీసి పక్కన పెట్టబోయాను. అరచేతికి ఉబ్బు తగిలింది. రెండోది తీశాను. ఉబ్బు అదే వైపు ఉంది.

పక్కన ఉండాల్సిన ఫిన్లు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండాలి. రెండింటికీ చదును లోపలికి, ఉబ్బు బయటికి. ఈయన రెండూ కుడివే చేశారు. రెండూ కలిసి తోకని కుడికి నెడుతుంటే ముక్కు ఎడమకి, అంటే టీ కొట్టుకి తిరగక ఏం చేస్తుంది? నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఆ పట్టా అల్మారాలో దుప్పట్ల కింద ఉంది. అయినా దీనికి పట్టా అక్కర్లేదు.

వెనక కుర్చీలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "చూశావా?"

"ఏమిటి అత్తయ్యా?"

"వాడు దానికి రెండూ కుడికాలి చెప్పులే తొడిగాడు. నేను ఎప్పుడో చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నా దగ్గు తగ్గొద్దూ? నువ్వూ నోరు మూసుకుని ఉండమ్మాయ్. వానలు వచ్చేస్తున్నాయి."

మంచి సలహా. పాటించాలనే చూశాను. గది నాదవడానికి నేను చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడం. ఈ ఇంట్లో అంత సులువైన పని నాకు మునుపెన్నడూ దొరకలేదు. కానీ ఆ రెండు కుడి ఫిన్లు మిషను మీద కనిపించినప్పుడల్లా, చొక్కాకి రెండు కుడి చేతులు కుట్టి ఎవరో నా కళ్ళముందు తొడుక్కు తిరుగుతున్నట్టుంది. అన్నం సహించలేదు. చివరికి ఆయన ఆఫీసునుంచి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా చెప్పేశాను. గది పోతే పోయిందనుకుని మరీ చెప్పాను. అత్తయ్య నొసలు కొట్టుకున్నారు.

ఆయన నవ్వారు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళ మీద నవ్వే నవ్వు. కాలిపర్స్ తీసి రెండు ఫిన్లనూ పై నుంచి కింది దాకా కొలిచి చూపించారు.

"చూడు. వెంట్రుకవాసి తేడా లేదు."

"నేను చెబుతున్నదీ అదేనండీ."

"తేడా లేకపోతే తప్పెలా అవుతుంది?"

"తేడా లేకపోవడమే తప్పు. మీ రెండు చేతులూ ఇలా చాచండి. బొటనవేళ్ళు ఎటున్నాయి?"

ఆయన చేతుల వంక చూసుకున్నారు. ఒక్క క్షణం అనుమానం వచ్చినట్టే ఉంది. తర్వాత చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. "ఒకదానికొకటి వేరుగా ఉన్న పీసులు నా చేతిమీదుగా బయటికి పోవు. నీకు గది కావాలి కాబట్టి నన్ను తికమక పెడుతున్నావు."

"గది కావాలంటే ఊరుకునేదాన్ని కదా?"

"అదే నీ ఎత్తు."

ఇంక నాకు ఆకలేసింది. కడుపు నిండా తిన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే ఆకాశం నల్లబడింది. ఇదే ఆఖరు అవకాశమని అందరికీ తెలుసు. అత్తయ్య గొడుగు వేసుకుని మరీ సాక్ష్యానికి వచ్చారు. ఈయన అలల్లోకి వెళ్ళారు. మంచి అల ఒకటి లేచింది. ఈసారి నిజంగా నిలబడ్డారు! రెండు కాళ్ళ మీద, చేతులు చాచి, ముఖమంతా వెలుగుతో. నా గుండె జారింది. గది కోసమో, ఆయన కోసమో ఇప్పటికీ తేల్చుకోలేదు. అంతలో ముక్కు మెల్లగా ఎడమకి తిరిగింది. ఈయన కుడికి వంగారు. బోర్డు వినలేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే వెళ్ళి, టీ కొట్టు ఎదుట ఉన్న రాళ్ళ దగ్గర మాయమయ్యారు. మొదటి చినుకు పడింది.

"ఒడ్డు చేరలేదు," అన్నారు అత్తయ్య, గొడుగు కిందనుంచి.

గది ఖాళీ చేయడంలో మాత్రం ఆయనకి వంక పెట్టలేను. కిటికీ ఊచల మధ్య పొడి కూడా తుడిచి ఇచ్చారు. బల్ల వచ్చింది. అత్తయ్య దగ్గు తగ్గింది. వానాకాలమంతా నేను నిలబడి గుడ్డ కత్తిరించాను.

ఒకరోజు ఆయన తలుపు దగ్గర నిలబడి, "లోపలికి రావచ్చా?" అన్నారు. రమ్మన్నాను. నేను గుడ్డ మడత పెట్టడం, చెయ్యి ఆకారం గీయడం, కత్తిరించి రెండు ముక్కలూ విడదీసి పక్కపక్కన పరచడం, అంతా చూశారు. కాసేపు తన చేతులు రెండూ చాచి చూసుకుని వెళ్ళిపోయారు. పెరట్లో రేకు కింద ఉప్పు కాగితం చప్పుడు వినిపించింది.

వానలు తగ్గాక బోర్డు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఈయన నిలబడ్డారు, తిన్నగా వచ్చారు, ఇసుక మీద మా ముందు దిగారు, కాళ్ళతోనే. తమ్ముడు ఈల వేశాడు.

"ఏం చేశావు బావా?"

"చిన్న మార్పు ఒకటి కనిపెట్టాను," అన్నారు, నా వంక చూడకుండా. తర్వాత నా వంక చూసి, నీళ్ళోడుతూనే, "నిలబడి ఒడ్డుకొచ్చాను కదా. ఆ గది సంగతి..." అన్నారు.

"ఎర్ర పెట్టెలో పడిన పీసు మళ్ళీ లైన్లోకి రాదు కదండీ. మేనేజరు బతిమాలినా."

అత్తయ్య నవ్వుతో దగ్గారు. ఆయన బోర్డు చంకన పెట్టుకుని, మా వెనక కాస్త దూరంలో నడిచారు. టీ కొట్టాయన కడిగిన గ్లాసు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, ఈవేళ ఇంకా రాలేదేమిటా అన్నట్టు సముద్రం వంక చూస్తున్నాడు.