సూరీడమ్మ కొంగున కట్టిన తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. పెళ్ళిళ్ళకు తిరిగే పాత వ్యానుది. కార్ఖానాలో నాతోపాటు తయారైన నా జోడీని మొదటి యజమాని ఎక్కడో పారేసుకున్నాడు. ఆ భయంతో నన్ను మొలతాడుకు కట్టుకుని తిరిగాడు. రెండో యజమాని పైడిరాజు. తనే డ్రైవరు. మంచివాడే, కానీ నిద్ర వస్తోందని ఒప్పుకోవడం నామోషీ అనుకునేవాడు. ఈ మనుషులు బండికి నీళ్ళు తగ్గితే ఆపుతారు, తమకు నిద్ర తగ్గితే మాత్రం టీ తాగి పోనిస్తారు.

ఒకసారి సాలూరు దగ్గర పెళ్ళి. రాత్రంతా స్టేషను నుంచి చుట్టాలను మోశాం. తెల్లవారాక ఖాళీ బండితో వస్తుంటే పైడిరాజు కళ్ళు రెప్పపాటు మూతపడ్డాయి. బండి రోడ్డు దిగి, తాటిచెట్టు ముందు కుదుపుతో ఆగింది. ఆ సంగతి అతనికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం భోజనాలు కాగానే పెళ్ళికూతురిని తునిలో అత్తవారింటికి చేర్చాలి. ఆమె పెదనాన్న తవిటినాయుడు పంచాంగం పట్టుకుని ఒకటే తొందర.

"వర్జ్యం వచ్చేస్తంది. బండి తియ్యరా పైడిరాజూ!"

పైడిరాజు మొహాన నీళ్ళు కొట్టుకున్నాడు. టీ తాగాడు. అదీ చాలక, బంపరుకు వేలాడే దిష్టి దండలోంచి పచ్చిమిరపకాయ తుంచి నమిలాడు. నాకు నిజంగా భయం వేసింది. కారానికి నోరు మండింది గానీ రెప్పలు వాలుతూనే ఉన్నాయి.

అది పెళ్ళికూతురి నాయనమ్మ సూరీడమ్మ చూసింది.

"ఏటి నాయనా, దిష్టికాయ తింతన్నావు? రాత్రి పడుకున్నావా?"

"నేదమ్మా. ఏటీ అవ్వదు."

ఆవిడ అతని చేతిలోంచి నన్ను తీసుకుని కొంగున ముడేసుకుంది.

"మరి వర్జ్యమో?" అన్నాడు తవిటినాయుడు.

"పిల్ల పెట్టె పట్టుకెల్లి పక్కింట్లో ఎట్టు. సామాను గుమ్మం దాటితే బయల్దేరినట్టే కదేటి? ఈడు లెగిసేక ఎల్తారు."

అది వాళ్ళ పాత ఆచారమే కాబట్టి తవిటినాయుడు పంచాంగం మూసి పెట్టె ఎత్తుకున్నాడు. పెట్టె పక్కింటికి ప్రయాణమైంది. పైడిరాజు పందిట్లో చాప మీద ఒళ్ళెరగకుండా పడిపోయాడు. అతను లేచి మొహం కడుక్కున్నాకే ఆవిడ ముడి విప్పింది. రాత్రి పొద్దుపోయాక పెళ్ళికూతురు క్షేమంగా తుని చేరింది.

ఆ తర్వాత కన్ను బరువెక్కితే చాలు, పైడిరాజు బండి పక్కకు తీసి, నన్ను ఊడదీసి, ఎక్కినవాళ్ళలో పెద్దావిడ ఎవరుంటే ఆవిడ చేతిలో పెట్టేవాడు.

"నాను లెగిసీదాకా ఇవ్వకండమ్మా."

ఇప్పుడు వ్యాను తుక్కు కింద పోయింది. నేను అతని ఇంట్లో మేకుకు వేలాడుతున్నాను. మధ్యాహ్నం పూట పైడిరాజు నా కింద మంచం వాల్చుకుని గుర్రుపెట్టి నిద్రపోతాడు. ఆ గుర్రు వింటుంటే నా ప్రాణం కుదుటపడుతుంది.