వదిన కుర్చీకే తెరుచుకున్న పేజీ

ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ చూసుకునేది మరిది. ఓపీ చీటీలిచ్చే కౌంటర్లో కూర్చునేది అతని వదిన. ఆమె ఉద్యోగం పర్మనెంటు. అతనిది ఇంకా కాలేదు.

"సోమవారం నేనొచ్చేసరికి మన ఆసుపత్రి ఇంటర్నెట్ సెట్టింగుల పేజీ నీకు తప్ప ఎవరికీ తెరుచుకోకూడదు. చేశావా, పర్మనెంటు. లేదా, నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు యజమాని.

ఇదెంత పని అనుకున్నాడు మరిది. ఆదివారం ఇంట్లో మంచమెక్కి, అక్కణ్ణుంచే ఆ పేజీ తెరిచి, తన లాప్‌టాప్ ఐపీ నంబరు చూశాడు: 192.168.1.20. ఆ ఒక్క నంబరునే రానివ్వమని రూలు పెట్టి సేవ్ కొట్టాడు. పేజీ ఠక్కున మూసుకుపోయింది. మళ్లీ నొక్కాడు. ఊహూఁ. "నాకే తెరుచుకోలేదంటే ఇక దొంగలకేం తెరుచుకుంటుంది!" అని మురిసిపోయి పడుకున్నాడు చూడండి, ఆ తెలివికి దండం పెట్టాలి!

ఆ నంబరు గడప దాటితే చెల్లదు. వంటగదిలాగా ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. ఆసుపత్రిలోనూ ఒక కంప్యూటరుకు అదే నంబరుంది. సోమవారం పొద్దున తన సీట్లోనూ పేజీ తెరుచుకోకపోయాక గానీ మరిదికి ఈ సంగతి వెలగలేదు. ఆ నంబరు ఎవరిదా అని వెతికితే, వదినది! పనివేళల్లో పాటలేమిటని మొన్ననే ఆ పేజీలోంచి ఆమె పాటల సైటును ఆపేసింది తనే.

బయట యజమాని కారు ఆగింది.

"వదినా, కొంచెం లే. నీ కుర్చీ కావాలి."

"పాటలు వినేవాళ్ల కుర్చీ నీకెందుకు మరిదీ?"

"నీ కాళ్లు పట్టుకుంటాను, నా ఉద్యోగం పోతుంది!" అంటూ జరిగిందంతా గబగబా చెప్పేశాడు. వదిన ముఖంలో వెటకారం పోయింది.

యజమాని తన గదిలో నొక్కి చూశాడు. తెరుచుకోలేదు. మరిది గదికొచ్చి అక్కడి కంప్యూటర్లో నొక్కాడు. అక్కడా లేదు. "నీకూ తెరుచుకోదా? ఇదేం కాపలా?" అన్నాడు.

"అతని గదిలోకి ఎవరైనా దూరొచ్చు కదండీ" అంది కౌంటర్లోంచి వదిన. "నేను సీటు వదలను. అందుకే నా దగ్గర పెట్టాడు. రా మరిదీ, చూపించు."

అక్కడ తెరుచుకుంది.

"భేష్! నువ్వు పర్మనెంటు" అన్నాడు యజమాని. "ఇక ఈ పేజీ ఎప్పుడు తెరిచినా ఆమెనడిగే తెరవాలి."

ఆయన వెళ్లిపోయాక మరిదికి కళ్లు చెమర్చాయి. ఎలాగో తెప్పరిల్లి, ఆ నంబరు సరిచేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాడు. వదిన ఆ చేతిమీద టపీమని ఒక్కటిచ్చింది.

"ఎవరినడిగావు? ముందు నా పాటలు."