మొగిలి దించని గదువ

హుస్నాబాద్ కుస్తీ తాలీంలో మొగిలికి అన్నీ వచ్చు, ఒక్కటి తప్ప. కాళ్ళు పట్టి ఎత్తేస్తాడు, నడుం పట్టి తిప్పేస్తాడు. వెనకనుంచి ఎవడైనా మెడ చుట్టూ చెయ్యి వేశాడంటే మాత్రం ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తాడు.

ఉస్తాద్ హనుమండ్లు చెప్పి చెప్పి విసిగిపోయాడు. "గదువ రొమ్ముకు ఆనియ్యిరా! వాని చెయ్యి గొంతు మీదికి రాకముందే ఆనియ్యి. మొఖం వాని మోచెయ్యి దిక్కు తిప్పు, ఆడ జర సందుంటది, గాలి ఆడుతది. రెండు చేతులతోని వాని మణికట్టు కిందికి గుంజు. గింతే గదా!"

మొగిలి మణికట్టు గుంజేవాడు, మొహం తిప్పేవాడు. గదువ, అదే గడ్డం, మాత్రం దించేవాడు కాదు. తోటి పహిల్వాన్లు పొగరనుకున్నారు. వాళ్ళకేం తెలుసు పాపం!

మొగిలి తండ్రి అంతయ్య వాళ్ళ ఊరి దొర గడిలో, కోటలాంటి ఆ ఇంట్లో, వెట్టి చేసినవాడు. గడి ముందునుంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకుని, తల దించుకుని నడిచినవాడు. పోలీసు చర్య అయింది, వెట్టి పోయింది, దొర అధికారమూ సన్నగిల్లింది. అంతయ్య తల మాత్రం లేవలేదు. పిల్లి ఎదురొచ్చినా పక్కకు తప్పుకునేవాడు. చిన్నప్పటినుంచి అది చూసి చూసి కడుపు మండిన మొగిలి, చచ్చినా ఎవరి ముందూ తల దించనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు తాలీంలో కూడా వాడి మెడకు చుట్టుకుంది.

నాగుల పంచమికి కుస్తీ గడి ముందరే. ఎదుట నిలిచేది దొర పోషించే ముత్తయ్య. వాడికున్నది ఒకటే పట్టు, ఆ మెడ పట్టే. దొర కుర్చీ వేసుకుని చూస్తుండగా, బాపు అంతయ్య కళ్ళముందు ఆ చేతిలో ఓడితే ఎలా అన్న బెంగ మొగిలికి పట్టుకుంది.

పంచమి ముందురోజు మధ్యాహ్నం అంతయ్య సద్ది పట్టుకుని తాలీంకు వచ్చాడు. తోటివాడి చేతికింద కొడుకు గిలగిల్లాడడం చూశాడు. అందరూ సద్దులకు కూర్చున్నాక మెల్లగా పక్కన చేరాడు.

"నువ్వెందుకు దించుతలేవో నాకెరుక బిడ్డా. నన్ను సూసి నీకు సిగ్గయితది."

మొగిలి సద్దిబువ్వ ముద్ద కలిపాడు.

"నేను తల దించుకున్నప్పుడు దొరను సూడలే. ఇంటికాడ ఆకలితోని ఉన్న నిన్ను యాది చేసుకున్న. మెడ కాపాడుకుంటెనే గదా ఇంటికొస్త అనుకున్న. నువ్వు గూడ గంతే, కాపాడుకోని ఇంటికి రా."

మొగిలికి ఏడుపు తన్నుకొచ్చింది. సద్దిబువ్వ ముద్ద చాలాసేపు చేతిలోనే ఉండిపోయింది.

పంచమినాడు ముత్తయ్య అనుకున్నట్టే వెనక చేరాడు. వాడి చెయ్యి మెడమీదికి వస్తుండగానే మొగిలి గదువ రొమ్ముకు ఆనించాడు.

"దించిండు, దించిండు!" గడి మనుషులు పకపకా నవ్వారు.

నవ్వనిచ్చాడు. ముత్తయ్య చెయ్యి గొంతుకు అందక దవడ ఎముక మీద ఆగిపోయింది. పెదవి చిట్లి నెత్తురు ఉప్పగా తగిలింది. మొగిలి మొహం మోచేతి వైపు తిప్పాడు. ఉస్తాద్ చెప్పిన సందు అక్కడే ఉంది, గాలి ఆడింది. తొందరపడకుండా మణికట్టు పట్టుకుని, ఊపిరి తీసుకుంటూ ఉన్నాడు. పిండి పిండి ముత్తయ్య చెయ్యే అలిసిపోయింది. ఆ చెయ్యి సడలగానే కిందికి గుంజి, నడుం వంచి, భుజం మీదుగా విసిరేశాడు. ముత్తయ్య వీపు మట్టికి తాకింది.

గెలిచినవాడు కుర్చీ ముందు తల వంచితే దొర తన చేత్తో తలకు రుమాలు చుట్టడం ఆ ఊరి ఆనవాయితీ. దొర రుమాలు పట్టుకుని లేచాడు. మొగిలి చెయ్యి చాచి, "చేతికియ్యుండ్రి దొరా, బాపుకు సుట్టాలె" అన్నాడు మర్యాదగానే. దొర ఒక్క క్షణం చూసి ఇచ్చేశాడు.

అంతయ్య జనం వెనక ఎక్కడో నిలబడి ఉన్నాడు. ఊరంతా తనవైపు తిరిగేసరికి అలవాటు కొద్దీ తల దించేశాడు. మొగిలి దగ్గరికి పోయి, తండ్రి గదువ కింద వేలు పెట్టి మెల్లగా పైకెత్తాడు.

"ఇగ లేపు బాపూ. కుస్తీ ఒడిసింది."

అంతయ్య తల ఎత్తాడు. ఎదురుగా గడి, గడి ముందు దొర. కొడుకు రుమాలు చుడుతుంటే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"జర జల్ది సుట్టు బిడ్డా, మెడ నొస్తుంది" అన్నాడు. అన్నాడే గాని, దించలేదు.