ముందు మైకు

ఎడిటర్ పొద్దున రాగానే ముందు కిటికీ తెరలు మూసేవాడు, తరవాత టీ పెట్టుకునేవాడు, ఆ తరవాతే గాయనిని లేపేవాడు. లేపడమంటే పెద్ద పనేం కాదు. మెషీను ఆన్ చేసి, కచేరీ వీడియోని మొదటికి తిప్పి, తెర మీద ఆవిడ వెండిరంగు జాకెట్టు సర్దుకుంటూ మైకు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టడమే. చనిపోయి ఏడాది దాటినా ఆవిడ అలవాట్లు మారలేదు. ఒక్కోరోజు పిలవగానే వచ్చేది. ఒక్కోరోజు డ్రమ్ములవాడు చేతులు పడిపోయేలా వాయిస్తున్నా తీరిగ్గా వచ్చేది. ఒకే పాట మళ్లీ మళ్లీ వేయిస్తే అలిసిపోయి స్టేజి పక్కన కుర్చీలో కూలబడేది. అప్పుడు ఎడిటర్ కూడా కుర్చీ వెనక్కి వాల్చి, "సరేనమ్మా, కాస్త ఊపిరి తీసుకోండి" అని రెండో టీ పెట్టుకునేవాడు.

కింద కళ్లజోళ్ల దుకాణంవాడికి కూడా ఇది మామూలే. పాట మధ్యలో ఆగిపోతే, బేరానికి వచ్చినవాళ్లతో "మేడమ్ రెస్టు తీసుకుంటున్నారు" అని అద్దం తుడుచుకునేవాడు.

ఆవిడ పద్ధతితో తల ప్రాణం తోకకి వచ్చింది ఒక్క భర్తకే. ఆవిడ బతికున్నన్నాళ్లూ మేనేజరుగా వెంట తిరిగాడు. ఇప్పుడు ఆవిడ ఆఖరి కచేరీని సినిమాగా చేసి అమ్మబోతున్నాడు. కొనేది బోలెడన్ని థియేటర్లున్న కంపెనీ. వాళ్లు ఒకసారి చూసి వెళ్లి మళ్లీ వచ్చేసరికి సినిమా మారిపోయి ఉండేది. పోయినసారి ఎర్రబూట్లు, ఈసారి నల్లబూట్లు. పోయినసారి కళ్లనీళ్లు పెట్టుకున్న పాటకి ఈసారి ఫక్కున నవ్వింది.

"మీ ఆవిడ గొప్పదే, కాదనం. కానీ ఏ సినిమా కొంటున్నామో మాకు తెలియాలి కదండీ" అని వాళ్లు మొహం మాడ్చుకున్నారు. పాపం, వాళ్లదీ న్యాయమే.

అప్పుడు భర్త తరఫు లాయరు ఒక ఉపాయం చెప్పాడు. "అందరం ఒకరోజు కలిసి కూర్చుని చూద్దాం. ఆ రోజు ఏం కనబడితే, ఏం వినబడితే అదే సినిమా. అక్కడికక్కడే సీలు వేసేద్దాం. తరవాత ఒక్క ముక్క కత్తిరించడానికి ఎవరికీ హక్కు లేదు. మీకూ లేదు, వాళ్లకీ లేదు."

ఇంత తెలివైన షరతు ఇంకోటి లేదని అందరూ మెచ్చుకున్నారు. మర్యాద కోసం గాయనికి కూడా చదివి వినిపించారు. ఆవిడ మైకు మీద చెయ్యి ఆనించి, చివరిదాకా విని తలూపింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు గానీ భర్తకి మాత్రం ఎందుకో అనుమానం తగిలింది. బతికున్నన్నాళ్లూ ఏ కాగితానికీ మొదటిసారే తలూపిన పాపాన పోలేదు ఆవిడ.

ఇంకో కాగితం మిగిలింది. దాని మీద అక్క సంతకం కావాలి.

అక్క అంటే గాయని పెద్దమ్మ కూతురు. వాళ్ల తల్లులు సొంత అక్కచెల్లెళ్లు. ఎక్కడ పడిందో ఆ పోలిక, ఇద్దరి గొంతూ ఒక్కటే. చిన్నప్పుడు పక్కగదిలోంచి పిలిస్తే ఏది ఎవరో కన్నతల్లులకే తెలిసేది కాదు. చెల్లెలు ముందు మైకు దగ్గర, అక్క వెనక చీకట్లో కోరస్ మైకు దగ్గర, ఎన్ని ఊళ్లు తిరిగారో లెక్కలేదు. ఆఖరి కచేరీ నాటికి చెల్లెలి గొంతు బాగా పాడైంది. పాట పైకి వెళ్లే చోటల్లా అక్కే పాడింది. చివరి పాటైతే మొత్తం అక్కదే. చెల్లెలు వెలుగులో నిలబడి పెదవులు కదిపింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, ఎవరికీ అనుమానం రాలేదు.

కంపెనీ సినిమాతో పాటు ఆ గొంతుని కూడా కొంటోంది. అది అమ్మాలంటే, సినిమాలో వినిపించేదంతా గాయని గొంతేనని అక్క ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక అలాంటి గొంతుతో బయట ఎవరు పాడినా నకలు కింద లెక్క. బేరం ఇంకా కుదరకముందే, పొరుగింటి పిల్ల పుట్టినరోజుకి అక్క ఒక పాట పాడిందని తెలిసి లాయరు ఫోన్ చేశాడు. "మర్యాదగానే చెబుతున్నానండీ, ఆ గొంతు బేరంలో ఉంది" అన్నాడు. సొంత గొంతు బేరంలో ఉండటం ఏమిటో ఆవిడకి ఎంతకీ అంతుపట్టలేదు. కానీ భయం పట్టుకుంది. అప్పటినుంచీ పాడాలనిపిస్తే వంటగదిలో కొళాయి విప్పి, ఆ చప్పుడు చాటున కూనిరాగం తీసుకునేది. ఆ నెల నీళ్ల బిల్లు చూసి ఆవిడే కంగారు పడింది.

భర్త కాగితం పట్టుకుని వచ్చేసరికి ఆవిడ గిన్నెలు కడుగుతోంది.

"ఒక్క సంతకమే కదా వదినా" అన్నాడు. "మీకు రావాల్సింది ఎక్కడికీ పోదు. నాదీ పూచీ."

"పెడితే ఇంక పాడకూడదు. అంతేనా?"

"ఇంట్లో పాడుకోండి. ఎవరొద్దన్నారు?"

"పాడుకుంటూనే ఉన్నాను బాబూ. ఇదిగో, కొళాయి విప్పి."

అతను చెడ్డవాడేం కాదు. భార్య మందులకీ, ఆ కచేరీకీ తెచ్చిన అప్పులు నెత్తి మీద ఉన్నాయి. అదొక్కటే అయితే ఇంకోలా ఉండేది.

"ఆ చివరి పాట పాడింది మీరని నాకు తెలుసు" అన్నాడు నేల చూస్తూ. "తెలిసినా నాకు తనే వినిపిస్తుంది. తను కాదని కాగితం మీద రాయాలంటే నా చెయ్యి ఆడటం లేదు వదినా."

అక్కకి అతని మీద కోపం రాలేదు, జాలేసింది. తన గొంతు పోతుందని మాత్రం చెప్పలేనంత దిగులేసింది. ఆవిడ చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది.

"అందరూ చూసే రోజు నన్నూ రమ్మను. దాన్ని చూడక ఏడాదైంది. చూశాక పెడతాను."

ఆ రోజు చిన్న హాల్లో ముందు వరసలో కంపెనీవాళ్లు, వాళ్ల పక్కన భర్తా లాయరూ కూర్చున్నారు. మెషీను దగ్గర ఎడిటర్. ఆఖరి వరసలో, ఒడిలో కాగితం పెట్టుకుని అక్క.

గాయని పిలవగానే వచ్చింది. ఎర్రబూట్లు వేసుకుంది. ఎక్కడా అలక లేదు, కుర్చీలో కూలబడటం లేదు. భర్త మొహం విప్పారింది. చివరి పాటకి ముందు ఆవిడ గ్లాసెడు నీళ్లు తాగి, తెర మీద నుంచి హాల్లో కుర్చీలన్నీ వరసగా చూసుకుంటూ వెళ్లింది. ఆఖరి వరస దగ్గర ఆగి నవ్వింది.

పాట మొదలైంది. గాయని పెదవులు కదపలేదు. ముందు మైకు దగ్గర నేల మీద ఆవిడ కోసం అతికించిన తెల్లపట్టీ ఉంది. ఎన్నేళ్లు పాడినా పాట మధ్యలో దాన్ని దాటి ఎరగదు. ఇప్పుడు దాటింది. వెనక చీకట్లోకి నడిచి, నల్లబట్టల్లో పాడుతున్న అక్క చెయ్యి పట్టుకుని, వద్దు వద్దంటున్నా లాక్కొచ్చి ఆ పట్టీ మీద నిలబెట్టింది. పైనుంచి పడే దీపం కాస్త తడబడి, తరవాత అక్క మొహం మీద కుదురుకుంది. గొంతు ఎక్కడా తెగలేదు. గాయని వెనక్కి వెళ్లి కోరస్ మైకు అందుకుంది. బొంగురుగా, కొంచెం శ్రుతి తప్పుతూ వంతపాడింది. అంత సంతోషంగా ఆవిడ పాడటం భర్త ఎప్పుడూ చూడలేదు.

ఆఖరి వరసలో అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పాట పాడుతున్నప్పుడు తను ఎలా ఉంటుందో ఆవిడకి అదే మొదటిసారి తెలియడం.

దీపాలు వెలిగాయి. ఎడిటర్ షరతు ప్రకారం సీలు వేసేశాడు.

"చివరి పాట పాడినావిడ ఎవరండీ?" అని అడిగాడు కంపెనీ పెద్ద.

భర్త లాయరు వైపు చూశాడు. లాయరు తను రాసిన షరతే మళ్లీ మళ్లీ తిరగేశాడు. ఏం కనబడితే, ఏం వినబడితే. సందు దొరకలేదు.

"మా వదిన" అన్నాడు భర్త చివరికి. "ఆ పాట ఆవిడదే."

"బావుంది. సినిమా ఇదే, తీసుకుంటాం. ఆ పాట దగ్గర ఆవిడ పేరు వేయండి. గొంతు సంగతి అంటారా, ఇద్దరిదీ ఒకలాగే ఉంటే ఇంక అది మాకెలా అమ్ముతారు? ఆ ముక్క కొట్టేయండి."

భర్త ఆఖరి వరసదాకా నడిచి వెళ్లి, అక్క ఒడిలో కాగితం తీసుకుని రెండుగా చింపాడు.

"చూశారా వదినా. నాతో ఒక్క మాటైనా అనకుండా ఎంత పని చేసిందో."

"బతికున్నప్పుడు మాత్రం నీకు చెప్పి చేసిందా బాబూ?" అంది అక్క. అతను నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తరవాత తెర మీద ఎవరూ బూట్లు మార్చలేదు. ఎన్ని ఆటలు వేసినా గాయని చివరి పాటకి వెనక్కే వెళ్లింది. ఎడిటర్ రెండో టీ మానేశాడు, అది మాత్రం అతనికి కొన్నాళ్లు వెలితిగానే ఉంది.

అక్క ఇంటికి వెళ్లి, మర్నాడు ఎప్పటిలాగే గిన్నెలు ముందేసుకుని, అలవాటుగా కొళాయి విప్పి రాగం అందుకుంది. సగంలో గుర్తొచ్చి కొళాయి కట్టేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. అందులో తన గొంతు ఒక్కటే వినబడుతుంటే ముందు బెదిరింది, తరవాత పైకి ఎత్తుకుంది.

గోడ అవతల పక్కింటావిడ కూడా గిన్నెలే కడుగుతోంది. ఆవిడా కొళాయి కట్టేసింది.